గాయమెరిగిన పూత

కారమడైలో మా అవ్వగారి ఇంటి పెరటిలోనికి ఏడాదికొకమారు ఈయము పూయువాడు వచ్చి, కానుగచెట్టు నీడన నేలలో చిన్న గుంట త్రవ్వి, అందులో బొగ్గులు పోసి, తోలుతిత్తితో నిప్పు రాజవేసి, ఇంటిలోని ఇత్తడి గిన్నెలన్నియు వరుసగా ముందు పెట్టుకొని కూర్చుండెడివాడు. ఆంధ్రదేశమున ఈ పనిని కళాయి వేయుట అందురు. తరతరములుగా తమిళుల నడుమ బ్రదుకుచున్న కోయంబత్తూరు సీమ తెలుగిండ్లలో 'ఈయం పూసేది' అనుటయే వాడుక. గిన్నెను నిప్పుమీద బాగుగా కాచి లోపల నవాసారపు పొడి చల్లగా తెల్లని పొగ గుప్పున లేచెడిది. ఆ పొగ అణగకముందే తగరపు కడ్డీని అడుగున ఒకసారి తాకించి, దూదియుండతో గిన్నె లోపలంతయు చుట్టి తుడిచినంతలో, నల్లబడిన ఇత్తడి వెండివలె మెరసెడిది. అవ్వ ఒక్కొక్క గిన్నెనే చేతికి తీసికొని, వెలుతురువైపు వంచి, పూత అంటని చోటు ఎచ్చటనైన మిగిలెనేమో యని చూచెడిది. కూలి పుచ్చుకొని లేచుచు వాడు ఏటేటా ఒకే మాట చెప్పెడివాడు: "గీత పడిన కాడ చిలుము పడతాదమ్మా. చారు రాత్రంతా దీంట్లో పెట్టొద్దు." "అట్లే నాయనా" యని అవ్వ తల యూపెడిది.

ఆ మాట నాకప్పుడు వంటింటి జాగ్రత్తగానే తోచినది. లోహక్షయశాస్త్రమును చదువుకొన్న పిమ్మట, అందులోని కష్టమంతయు, నేర్పంతయు ఆ ఒక్క మాటలోనే ఇమిడియున్నదని తెలిసినది. పూత పూయుట ఎవరికైనను చేతనగును. ఆ పూతపై గీత పడిన నాడేమగునన్నదే అసలు ప్రశ్న. బిస్కత్తుల డబ్బా రేకు ఇనుపరేకే, దానిపై తగరపు పూత యుండును. ఆ తగరము గోడవంటిది: చెక్కుచెదరనంతకాలము లోపలి ఇనుమును కాపాడును గాని, ఆరుబయట వానకు తడియుచు పడియున్న డబ్బాపై ఒకచోట గీత పడెనా, తగరముకంటె ఇనుమే సులభముగ ఎలక్ట్రానులను విడుచునది గావున, గీతలోని ఇనుము తనంతట తాను త్రుప్పుపట్టుదానికన్నను వేగముగ త్రుప్పుపట్టును. నీళ్లు తోడుకొను జింకు బకెట్టు సంగతి వేరు. దానిపై గీత పడినను చుట్టునున్న జింకు తాను ముందుగా కరగి ఇనుమును నిలుపును. ఒకటి గోడ, రెండవది కావలి మనిషి. విమానపు లోహములకు పూయు పూతల చరిత్ర యంతయు ఈ రెంటి నడుమ సాగిన యోచనయే యని చెప్పవచ్చును.

కారమడై రంగనాథస్వామి గుడి వీథిలో నిలిచి విమానముల మాట ఎందుకని పాఠకులడుగవచ్చును. కోయంబత్తూరునుండి మేట్టుపాళయము పోవు రైలుదారిలో, నీలగిరుల పాదమునందున్న ఈ యూరికిని, విజయనగర నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలివచ్చి కొంగునాట స్థిరపడిన తెలుగు కుటుంబములకును లోహముతోడి చుట్టరికము చాల దగ్గరది. కోయంబత్తూరునకు తూర్పున, సూలూరు ప్రక్కనున్న కలంగల్ గ్రామమున 1893లో ఒక తెలుగు రైతుకుటుంబమున పుట్టిన జి. డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి పళని దారిలో రవాణా మొదలుపెట్టి, 1937 నాటికి డి. బాలసుందరం నాయుడుగారితో కలసి భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించిరి. ఇప్పుడా కలంగల్ ఆకాశమున రాత్రింబవళ్లు వినవచ్చు ధ్వని తేజస్ యుద్ధవిమానములది. సూలూరు వాయుసేనా స్థావరమునకు 2018లో 45వ స్క్వాడ్రన్ తేజస్ విమానములతో వచ్చినది. 2020 మే నెలలో 18వ స్క్వాడ్రన్ అదే విమానముతో అచ్చటనే పునఃప్రారంభమైనది. విమానముల మరమ్మతు చేయు 5వ బేస్ రిపేర్ డిపో సైతము సూలూరులోనే యున్నది. విమానమును విప్పి, పాత రంగు గీకి, లోహమును పరీక్షించి, మరల పూత పూయుట అట్టి డిపోల నిత్యకృత్యములలో నొకటి. కళాయివాని పనికిని ఈ పనికిని జాతిభేదము లేదు. లోహము మాత్రమే వేరు.

ఆ లోహము అల్యూమినియము. శుద్ధమైన అల్యూమినియము తన్ను తానే కాపాడుకొను లోహము. కత్తితో కోసిన మరుక్షణమే గాలిలోని ఆమ్లజని దానిపై రెండు మూడు నానోమీటర్ల మందముగల ఆక్సైడు పొరను నేయును. నానో అనగా గ్రీకు భాషలో మరుగుజ్జు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. తలవెంట్రుక మందము దాదాపు 70 లేక 80 వేల నానోమీటర్లుండును. అంత పలుచని ఆ పొరయే మన అన్నపుగిన్నెలను ఏండ్ల తరబడి కాచుచున్నది. అయితే శుద్ధ అల్యూమినియము మెత్తనిది, దానితో విమానపు రెక్క చేయ వలనుపడదు. 1906లో బెర్లిన్ సమీపమున ఆల్ఫ్రెడ్ విల్మ్ అను లోహశాస్త్రజ్ఞుడు అల్యూమినియములో నాలుగు పాళ్ల రాగిని, కొంచెము మెగ్నీషియమును కలిపి, కాచి, నీటిలో ముంచి చల్లార్చి చూడగా ఆశించినంత గట్టిదనము కనబడలేదు. అయితే కొన్ని దినములు గడచి మరల కొలిచి చూచుసరికి, ఎవ్వరును తాకకయే, ఆ లోహము తనంతట తాను గట్టిపడియుండెను. డ్యూరెన్ పట్టణపు కర్మాగారము దానిని డ్యూరాలుమిన్ అను పేర అమ్మినది. 1919లో జుంకర్స్ ఎఫ్-13 విమానము ఆ లోహముతోనే ఎగిరినది.

గట్టిదనమునకు కారణము ముప్పది రెండేండ్ల పిదపగాని తెలియలేదు. 1938లో ఫ్రాన్సులో గినియే, బ్రిటనులో ప్రెస్టన్, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఎక్స్-కిరణములతో చూచి, చల్లారిన లోహములో రాగి పరమాణువులు ఒకటి రెండు పరమాణువుల మందముతో, కొద్ది నానోమీటర్ల వెడల్పుతో పలుచని బిళ్లలుగా పేరుకొనుచున్నవని కనిపెట్టిరి. అనగా నానో యను మాట శాస్త్రజ్ఞుల నోట పుట్టకమునుపే విమానము నానో పదార్థముతో ఎగురుచుండెను. నా మట్టుకు నాకు ఈ విషయమును తలచినప్పుడెల్ల ఆశ్చర్యము కలుగుచుండును. ఏలనన, రెక్కకు బలమిచ్చిన ఆ రాగియే రెక్కకు రోగమును తెచ్చినది.

రోగము తీరిట్లుండును. రాగి యంతయు ఆ సన్నని బిళ్లలుగానే యుండిన బాధ లేకపోవును. కాని కరగించి పోసినప్పుడే కొంత రాగి, మెగ్నీషియము, ఇనుము కలసి మైక్రోమీటర్ల పరిమాణముగల గట్టి కణములుగా అక్కడక్కడ మిగిలిపోవును. 2024 అను సంఖ్యతో పిలువబడు విమానపు మిశ్రలోహమున అల్యూమినియము, రాగి, మెగ్నీషియము కలసిన ఒక జాతి కణములే అధికముగ కనబడును. ఉప్పుతేమ తగిలినప్పుడు మొదట ఈ కణమే క్షయించి మెగ్నీషియమును, అల్యూమినియమును పోగొట్టుకొనును. మిగిలినది రాగి దండిగా గల గుల్ల. అంతటితో పాత్రలు తారుమారగును. ఇంతవరకు క్షయించిన కణము ఇపుడు కాథోడై, చుట్టునున్న మంచి అల్యూమినియమును ఆనోడుగా చేసికొని తినసాగును. సూదిమొనంత చోటులో ఒక బ్యాటరీ ఏర్పడినట్లే. పైకి కనబడునది తెల్లని బూడిదవంటి పొడి మాత్రము. లోపల గుంట లోతగుచుండును. ఒక్కొకప్పుడు ఈ క్షయము రివెట్టు తలచుట్టు రంగుపూత క్రిందుగా, చెదపురుగు గోడపై పెట్టిన మట్టిదారులవలె, సన్నని తీగలుగా పాకును.

అది ఎంత దూరము పోగలదో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో లోకము చూచినది. హీలోనుండి హొనొలులుకు పోవుచున్న అలోహా సంస్థవారి బోయింగ్ 737 విమానము 24,000 అడుగుల ఎత్తున నుండగా, ముందుభాగపు పైకప్పు పదునెనిమిది అడుగుల మేర ఊడి ఎగిరిపోయెను. నడవలో నిలిచియున్న ఒక పరిచారిక ఆకాశములోనికి కొట్టుకొనిపోయి మరణించినది. చాలకుల నైపుణ్యమువలన మిగిలిన తొంబది నలుగురును ప్రాణములతో మావి దీవిలో నేలకు దిగిరి. పందొమ్మిదేండ్ల వయస్సుగల ఆ విమానము ఉప్పుగాలి దీవుల నడుమ అప్పటికి 89,680 మారులు ఎగిరినది. ఒక రేకు అంచు మరియొక రేకుపైకెక్కిన అతుకులలో జిగురు పట్టు వదలగా తేమ చొరబడెను, క్షయము మొదలయ్యెను, భారమంతయు రివెట్లపై పడి వాటి రంధ్రముల చుట్టు పగుళ్లు పుట్టి ఒకదానితో నొకటి కలసెను. లోహమునకు గాలి ఒత్తిడివలన కలుగు అలసట, తేమవలన కలుగు క్షయము, ఈ రెండును చేయి కలిపినచో ఏ ఒక్కటియు ఒంటిగా చేయలేని పని చేయును.

ఈ రోగమును చాల ముందే ఎరిగిన పెద్దలు ఊరకుండలేదు. 1923లో బ్రిటనులో బెంగో, స్టువర్ట్ అను నిద్దరు, సముద్రవిమానముల భాగములను క్రోమిక్ ఆమ్లములో ముంచి విద్యుత్తు పంపి, సహజమైన ఆక్సైడు పొరను వేయిరెట్లు దళసరి చేయు పద్ధతిని కనుగొనిరి. దానినే యానోడైజింగ్ అందురు. 1920ల చివర అమెరికాలో డిక్స్ అను లోహశాస్త్రజ్ఞుడు గట్టి మిశ్రలోహపు రేకుకు ఇరుప్రక్కల శుద్ధ అల్యూమినియపు పలుచని పొరను అద్ది, ఆల్‌క్లాడ్ అను రేకును తెచ్చెను. ఇది జింకు బకెట్టు మార్గము. గీత పడినను పైపొర తాను క్షయించి లోపలిదానిని కాచును. వీటన్నిటికంటె అధికముగ నమ్మబడినది క్రోమియపు లవణమైన క్రోమేటు. విమానపు లోపలి యెముకలవంటి చట్రములకు కనబడు ఆకుపచ్చ కలసిన పసుపు రంగు దానిదే. పూతపై గీత పడి తేమ చేరగానే అడుగుపూతయైన ప్రైమరులోని క్రోమేటు కొద్దికొద్దిగా నీటిలో కరగి, గాయమువద్దకు తానే నడచిపోయి, అచ్చట వేరొక రూపము దాల్చి గట్టి పొరగా పేరుకొని, గుంట పుట్టకుండ అడ్డుకొనును. గోడయును కావలియును తానే యైన పూత యిది. ఎనుబది యేండ్లుగ దీనికి సాటివచ్చినది దొరకలేదు.

కాని దాని బేరము మనుష్యుల ఊపిరితిత్తులతో కుదిరిన బేరము. ఆరు వేలెన్సీ గల ఆ క్రోమియము క్యాన్సరు కారకము. రంగు చల్లునప్పుడు లేచు తుంపర, పాత రంగు రాచునప్పుడు లేచు ధూళి, రెండును పనివాని రొమ్ములోనికే పోవును. 2006లో అమెరికా ప్రభుత్వము పనిచోటి గాలిలో ఘనమీటరునకు 5 మైక్రోగ్రాములకు మించరాదని కట్టడి చేసినది. ఐరోపాలో క్రోమియం ట్రయాక్సైడును 2017 సెప్టెంబరు తరువాత ప్రత్యేకానుమతి లేనిదే వాడరాదని నియమమేర్పడినది. మనకు దూరపు దృష్టాంతములెందుకు? పాలారు ఒడ్డున రాణిపేటలో ఎన్నడో మూతబడిన ఒక క్రోమేటు కర్మాగారపు వ్యర్థము గుట్టగా మిగిలి, వానలకు కరగి, భూగర్భజలమును పచ్చగా చేసినది. ఆ చుట్టుప్రక్కల రైతుల కష్టమును తలచినప్పుడు, విమానమును కాపాడుటకు ఇంతకంటె శుభ్రమైన మందు వెదకుట శాస్త్రజ్ఞులకు వినోదముగాక ఋణమని నాకు తోచుచుండును.

నానో పదార్థముల పూతలకు మూలము ఈ వెదకులాటయే. ఇక్కడ చిన్నతనమునకున్న శక్తి ఏమో ముందు తెలిసికొనవలెను. సెంటీమీటరు భుజము గల ఘనము నొకదానిని తీసికొందము. దాని ఆరు ముఖముల వైశాల్యము ఆరు చదరపు సెంటీమీటర్లు. దానినే పది నానోమీటర్ల భుజము గల చిన్న ఘనములుగా కోసినచో మొత్తము వైశాల్యము పది లక్షల రెట్లు పెరిగి, 600 చదరపు మీటర్లగును. మన లెక్కలో దగ్గరదగ్గర పదిహేను సెంట్ల నేల. చిటికెడు పొడిలో ఒక ఇంటిస్థలమునకు మించిన నేల దాగియున్నదన్నమాట. రంగుజిగురు పట్టుకొనుటకు అంత చోటు దొరకును గనుక, బరువులో నూటికి రెండు మూడు పాళ్ల నానో పొడియే పూత నడవడిని మార్చివేయగలదు. బరువు తూచి తూచి ఎగురవలసిన విమానమునకు ఇది చిన్న లాభము కాదు. పెద్ద విమానమునకు రంగే వందల కిలోలు తూగును.

ఈ పొడులు చేయు మొదటి ఉపకారము దారిని చుట్టు త్రిప్పుట. కొంగునాటి నల్లరేగడి వానకు ఉబ్బి వేసవికి నెఱ్ఱెలు విచ్చునుగదా. ఆ ఉబ్బునకు కారణమైన మాంట్‌మొరిలొనైటు అను బంకమన్ను, ఒక్క నానోమీటరు మందము, వందల నానోమీటర్ల వెడల్పు గల పొరలతో నేయబడినది. ఆ పొరలను విడదీసి రంగుజిగురులో పరచినచో, పైనుండి చొరబడు నీటి అణువు తిన్నగా లోహమును చేరలేదు. మాశిమఖపు పండుగనాడు మా గుడిముందర కఱ్ఱలు కట్టి మెలికలు త్రిప్పిన వరుసలో పది బారల దూరము పోవుటకు పూటంతయు పట్టునట్లు, అణువునకును ప్రతి పొరను చుట్టి పోవలసివచ్చును. అయితే పొరలు విడివిడిగ నిలువవలెను. ఇదియే పూతల పనిలో తలనొప్పియైన చోటు. రాగిపిండిని మరుగునీళ్లలో ఒక్కమారుగ కుమ్మరించిన ఉండ కట్టునని మా అవ్వ ముందు చన్నీళ్లలో కలిపి పోసెడిది. నానో కణములు అంతకంటె ఎక్కువగ ఒకదాని నొకటి అంటుకొనును. ఉండకట్టిన చోట పూత బలపడుటకు మారుగా అక్కడనే పగులును. అందుకై కణమునకు ముందుగ సిలేను పూయుదురు. దాని ఒక కొన కణమును, మరియొక కొన జిగురును పట్టుకొనును.

ఎంత చుట్టు త్రిప్పినను ఇది గోడయే. గీత పడిన నాడు వరుసలు లేవు, మెలికలు లేవు. రెండవ ఉపకారమే నా దృష్టిలో ఈ శాస్త్రమునకు ప్రాణము: నానో పదార్థమును మందుభరిణెగా వాడుట. హాలోయ్‌సైట్ అను మన్ను పుట్టుకతోనే చుట్టచుట్టుకొనియుండును. ఒక్కొక్క గొట్టము మైక్రోమీటరు పొడవు, లోపలి బోలు పదునైదు నానోమీటర్ల వ్యాసము. ఆ బోలులో క్షయనిరోధక ద్రవ్యమును నింపి, మూతిపై కప్పు పెట్టి, అట్టి గొట్టములను కోట్లకొలది పూతలో కలుపుదురు. క్షయము మొదలైన చోట, కాథోడు దగ్గర క్షారమును, గుంటలో ఆమ్లమును పుట్టుట లోహనియమము. ఆ క్షారమునకో ఆమ్లమునకో మాత్రమే విచ్చుకొను కప్పులను జర్మనీలో పొట్స్‌డామ్ నగరపు మాక్స్ ప్లాంక్ సంస్థలో మోవాల్ద్, ష్చూకిన్ మొదలగువారు గత ఇరువది యేండ్లలో రూపొందించి చూపిరి. పూత బాగున్నంతకాలము భరిణె మూసికొనియుండును. గాయమైన చోటి భరిణె మాత్రమే తెరచుకొనును. క్రోమేటు విచక్షణ లేక ఎల్లప్పుడును కారుచుండెడిది. ఇది పిలిచినప్పుడే పలుకును.

భరిణెలో పెట్టదగిన మందులలో సీరియము ముఖ్యమైనది. 1984లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైమానిక పరిశోధనాలయమున హింటన్ మొదలగువారు, ఉప్పునీటిలో సీరియపు లవణము కొంచెము కలిపినచో అల్యూమినియపు క్షయము మిక్కిలి తగ్గుటను గమనించిరి. రాగిదండి కణము కాథోడై తన చుట్టు క్షారమును పుట్టించునంటిమిగదా. సీరియము క్షారము తగిలిన చోటనే హైడ్రాక్సైడుగా గడ్డకట్టు స్వభావము గలది. కావున ఆ కణముపైననే అది పేరుకొని దాని నోరు మూయును. రోగమే తానున్న చోటునకు మందును పిలుచుకొనును. సీరియము దొరకునది మోనజైటు ఇసుకలో. ఆ ఇసుక శ్రీకాకుళపు భావనపాడు తీరమునను, కన్యాకుమారి దగ్గరి మణవాళక్కురిచ్చి తీరమునను కలదు. లోహమును తిను ఉప్పు ఏ ఒడ్డుననుండి గాలిలో లేచుచున్నదో, దాని విరుగుడు ఆ ఒడ్డు ఇసుకలోనే యుండుట చూచిన, ప్రకృతి మనకై దాచిపెట్టినట్లే యనిపించును.

తెలుగునేలపై ఈ పని జరుగుచున్న చోటు హైదరాబాదు శివారున, బాలాపూర్‌లో నున్న ఏ.ఆర్.సి.ఐ. అను కేంద్రప్రభుత్వ పరిశోధనాసంస్థ. లోహచూర్ణములకును క్రొత్త పదార్థములకును ఏర్పడిన ఆ సంస్థలో సోల్-జెల్ పూతలకు ప్రత్యేకమైన కేంద్రమే యున్నది. సోల్-జెల్ అనగా సిలికాన్ సమ్మేళనములు కలిపిన పలుచని ద్రవమున లోహమును ముంచి తీయగా, అది ఆరి, గాజుకును ప్లాస్టికునకును నడిమి గుణముగల పొరగా గట్టిపడు పద్ధతి. గాజు కాచవలెనన్న వేయి డిగ్రీలు కావలెను. అంతటి వేడి తగిలిన విమానపు అల్యూమినియము తన గట్టిదనమును పోగొట్టుకొనుటయేగాక కరగియేపోవును. ఈ పద్ధతిలోనన్ననో వంద డిగ్రీలకు కొంచెము అటునిటుగనే పని తెమలును. ఆ పొరలోనే సీరియము నింపిన హాలోయ్‌సైట్ గొట్టములను కలిపి, అల్యూమినియపు మెగ్నీషియపు మిశ్రలోహములపై గాయము మానుటను అచ్చటి పరిశోధకులు పరీక్షించి ప్రకటించిరి. హెలికాప్టరు గేరుపెట్టెలకు వాడు మెగ్నీషియము అల్యూమినియముకంటె సుకుమారమైనది. అందుపై పూతను నిలుపుట మరింత కష్టము.

క్రొత్తదన్నమాత్రమున అన్నియు మేలు చేయునని పాఠకులు తలపరాదు. 2004లో గ్రాఫీను వెలువడినప్పుడు, ఒక్క పరమాణువు మందమున హీలియమును సైతము పోనీయని ఆ కర్బనపు పొరకంటె మంచి పూత ఉండబోదని పలువురు తలచిరి. 2013లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు రాగిపై గ్రాఫీను పరచి నెలల తరబడి ఉంచి చూడగా, మొదట కొన్నాళ్లు కాచినను, పొరలో సహజముగనుండు చిరుచీలికలవద్ద తేమ చేరి, గ్రాఫీను విద్యుద్వాహకమైనందున కాథోడై, పూతలేని రాగికంటె అధికముగ రాగి క్షయించినది. ఇది బిస్కత్తు డబ్బా కథయే మరల వచ్చినది. తేజస్ నిర్మాతలకును ఇట్టి చిక్కే యుండును. ఆ విమానపు బరువులో సుమారు 45 పాళ్లు కర్బననారల సమ్మేళనమే కావున, కర్బనము అల్యూమినియమును తాకిన ప్రతిచోటను, తేమ చేరినచో, అల్యూమినియమే బలియగును. నడుమ గాజునార పొర వేసి రెంటిని విడదీయుట విమానశాలలలో వాడుకయైన ఉపాయము. ఇట్లే ఎండకాపునకై రంగులో కలుపు టైటానియం ఆక్సైడు నానో కణము అతినీలలోహిత కిరణములను మ్రింగును గాని, ఆ శక్తితోనే తన్ను పట్టుకొన్న జిగురును కొరకును; దానిపై సిలికా తొడుగు వేయనిదే పనికిరాదు.

ఇక పరీక్ష. పూత పూసిన అరచేతివెడల్పు రేకుపై గట్టి మొనతో ఇంటూ గుర్తుగా లోహము తగులువరకు గీయుదురు. గాయమును బుద్ధిపూర్వకముగ చేసి పంపుటయే ఇందలి ధర్మము. ఆ రేకును 35 డిగ్రీల వెచ్చని పెట్టెలో, నూటికి ఐదు పాళ్ల ఉప్పునీటి మంచులో, రాత్రింబవళ్లు ఉంచెదరు. విమానపు ప్రైమరు 2000 గంటలు నిలువవలెను. అనగా ఎనుబదిమూడు దినములు. పెట్టెలోని ఉప్పు సముద్రపు ఉప్పునకు సరిసమానము గాదు, ఎండ లేదు, తడియారుట లేదు. అందువలన పెట్టెలో నెగ్గిన పూతలను తీరమునకు పంపవలసియుండును. అళగప్ప చెట్టియారుగారు 300 ఎకరముల నేలయు 15 లక్షల రూపాయలును దానమీయగా 1953లో కారైకుడిలో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాసంస్థవారు, రామేశ్వరము త్రోవలోని మండపమున సముద్రగాలికెదురుగ రేకులను నిలిపి సంవత్సరములకొలది కనిపెట్టుచుందురు. సామాన్యులు చూడదలచినచో విశాఖపట్నము పోవచ్చును. ఇరువది తొమ్మిదేండ్లు నౌకాదళమున సేవచేసిన టి.యు.-142 విమానమును 2017నుండి రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నిలిపియున్నారు. అలల తుంపర దానిపై నిత్యమును పడుచుండును. అక్కడికి పోయినవారు రివెట్టు తలల చుట్టును, రేకుల అతుకులవెంబడియు నెమ్మదిగ చూడవలెనని నా ప్రార్థన. క్షయము మొదట వెదకుకొను చోట్లవియే.

ఒక ప్రయోగశాలలో నాకు రెండు రేకులను చూపిరి. రెంటిపైనను ఒకే బూడిదరంగు పూత, ఒకే ఇంటూ గీత. ఒకదానిలో భరిణెలు లేవు, రెండవదానిలో సీరియము నింపిన గొట్టములు కలవు. 1500 గంటలు గడచియుండెను. మొదటి రేకు గీతలో ఉప్పువలె తెల్లని పొడి పొంగి, అంచువెంబడి పెసరగింజలంత బొబ్బలు లేచియుండెను. గోటితో నొక్కగా ఒకటి చిట్లి నీరు కారినది. రెండవదానిని అచ్చటి సహాయకురాలు మంచినీటిలో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, కిటికీవైపు వంచి నా కందించినది. గీత అడుగున లోహము ఇంకను మెరయుచుండెను. ఆ మెరుపుపై పలుచగా, పసుపుచాయగల పొర యొకటి కమ్మియుండెను. గీతలు రెండును కలియు నడిబిందువు దగ్గర మాత్రము ఆవగింజలో సగమంత తెల్లని చుక్క యొకటి కనబడినది. ఆమె దానిని భూతద్దముతో చాలసేపు చూచి, పుస్తకములో చోటు గుర్తు వేసికొని, రేకును మరల పెట్టెలోని చట్రమున వాలుగ నిలిపి, మూత వేసి, ఇంకను 500 గంటలున్నవండీ యని చెప్పినది.